సీజన్ అయిపోయాక పవర్ వీడర్ ఇంజన్‌ను భద్రపరచడం: నా అనుభవం

సాళ్ల మధ్య కలుపు తీసే చిన్న ఇంజన్ యంత్రమైన పవర్ వీడర్‌కు పత్తి చేలో పని పడేది ఏడాదిలో రెండు మూడు నెలలే. మృగశిర కార్తెలో విత్తనం పడి, మొలక లేచి, సాళ్లు తేటగా కనబడిన నాటి నుండి కొమ్మలు సాళ్ల మధ్యకు చాపుకొనే దాకా అది తిరుగుతుంది. ఆ తర్వాత మిరపలో కొన్నాళ్లు, కూరగాయల మడుల్లో కొన్నాళ్లు వాడుకున్నా, మిగిలిన కాలమంతా కొట్టంలో ఓ మూలన నిలబడే ఉంటుంది. మా నర్సంపేట వైపు కలుపు తీతకు కూలీలు దొరకడం కష్టమైన కొద్దీ ఈ యంత్రాలు ఊరూరా వచ్చాయి. వాటిలో చెడిపోయి మెకానిక్ షెడ్డుకు చేరేవాటిని గమనిస్తే, చేలో నడుస్తూ చెడినవాటి కన్నా ఖాళీగా నిలబడి చెడినవే ఎక్కువగా కనిపిస్తాయి. మోటార్ సైకిల్‌ను రోజూ తీస్తాం, ట్రాక్టరును ఏదో ఒక పనికి నెలకోసారైనా స్టార్టు చేస్తాం కాబట్టి వాటిలో ఇంధనం కదులుతూ ఉంటుంది, నూనె తిరుగుతూ ఉంటుంది. రోడ్డెక్కని ఈ చిన్న బండ్లకు ఆ అవకాశం లేదు. అందుకే వాటిని నడపడం ఎంత నేర్చుకోవాలో, పక్కన పెట్టడం కూడా అంత శ్రద్ధగా నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆ పని నేను ఎలా నేర్చుకున్నానో, ఎందుకు అలాగే చేస్తున్నానో వివరంగా చెబుతాను.

నా దగ్గరున్న వీడర్ పరకాల దగ్గరి ఊళ్లో ఉండే మా మేనమామది. మోకాళ్ల నొప్పుల వల్ల ఆయన సేద్యం మానుకొని భూమిని కౌలుకు ఇచ్చిన తర్వాత, ఆ యంత్రం ఆయన కొట్టంలోనే రెండు వానాకాలాలు గడిపింది. 163 సీసీ పెట్రోలు ఇంజన్, ఫోర్ స్ట్రోక్, ఒకటే సిలిండరు, గాలితో చల్లబడే రకం, తాడు గుంజి స్టార్టు చేసేది. మన ప్రాంతంలో అమ్ముడుపోయే చాలా వీడర్లకు ఇంచుమించు ఇదే నమూనా ఇంజన్ ఉంటుంది కాబట్టి ఇక్కడ చెప్పే కొలతలు చాలామందికి పనికి వస్తాయి. అయినా ఎవరి యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని వాళ్లు చూసుకోవడమే సరైన పద్ధతి. మామ మాత్రం దాని మీద ఆశ వదులుకున్నాడు. "తీస్కపో అల్లుడా, నడిస్తే నీకు అక్కరకొస్తది, నడవకపోతే పాత ఇనుప సామానోళ్లకు ఎయ్యి" అన్నాడు. ట్రాలీ ఆటోలో వేసుకొని ఇంటికి తెచ్చిన తర్వాత దాన్ని ముట్టుకునే ముందు నర్సంపేటలో ఎన్నో ఏళ్లుగా ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తున్న ఒక పెద్దాయనను కలిశాను.

ఆయన అడిగిన మొదటి మాట, "తాడు గుంజినవా?" అని. లేదన్నాను. "గుంజకు తమ్మీ. ముందుగాల ప్లగ్గు ఇప్పి బోరుల నూనె పొయ్యి, ఒక రాత్రి నాననియ్యి. ఎండిన బోరుల గుంజితే రింగులు గీస్కపోతయి" అన్నాడు. బోరు అంటే సిలిండరు లోపల పిస్టన్ ఆడే చోటు. దీని వెనుక కారణం తేలికగానే అర్థమవుతుంది. ఇంజన్ ఆగిన తర్వాత సిలిండరు గోడ మీది నూనె పొర మెల్లమెల్లగా కిందికి జారిపోతుంది. వానాకాలపు తడి గాలి లోపలికి చేరితే ఆ ఇనుప గోడ మీద సన్నటి తుప్పు పొర ఏర్పడుతుంది, పిస్టన్ రింగులు ఉన్నచోటే అతుక్కుంటాయి. ఆ స్థితిలో బలంగా గుంజితే తుప్పు కణాలు రింగులకూ గోడకూ మధ్య నలిగి గీతలు పెడతాయి. గీతలు పడ్డ బోరులో కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, నిలవదు, ఇంజన్ నూనె తాగడం మొదలవుతుంది. అప్పుడు చేయాల్సిన ఖర్చు యంత్రం ధరతో పోటీ పడుతుంది.

ఆయన చెప్పినట్టే స్పార్క్ ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని ముందు బ్రష్షుతో తుడిచి, ప్లగ్ విప్పి, రెండు చెంచాల కొత్త ఇంజన్ ఆయిల్‌ను ఆ రంధ్రంలోంచి పోసి, గుడ్డ అడ్డుపెట్టి వదిలేశాను. మట్టి తుడవకుండా ప్లగ్ విప్పితే ఆ ఇసుక నేరుగా సిలిండరులోకే పడుతుంది కనుక ఈ చిన్న జాగ్రత్తను ఎవరూ దాటవేయకూడదు. మరునాడు తాడును మెల్లగా, చేతికి ఎదురు తగిలిన చోట ఆపుతూ ఆపుతూ లాగితే మొదట గట్టిగా అనిపించి తర్వాత వదులైంది. పిస్టన్ కదిలింది. ప్లగ్ రంధ్రంలోంచి నూనె చిమ్మి గుడ్డ తడిసిపోయింది.

ఇంకా స్టార్టు చేయకుండా ఫ్యాను మీది రేకు మూతను విప్పాను. లోపల ఎలుకలు పత్తి దూది, మొక్కజొన్న పొట్టు తెచ్చి మెత్తగా గూడు కట్టుకున్నాయి. ఈ రకం ఇంజన్‌కు రేడియేటర్ ఉండదు. ఫ్యాను విసిరే గాలి సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్య నుండి పోతేనే అది చల్లబడుతుంది. గూడు చూడకుండా నడిపి ఉంటే కొద్దిసేపట్లోనే ఇంజన్ విపరీతంగా కాలి, ఆ దూది అంటుకునే ప్రమాదం కూడా ఉండేది. సైలెన్సరు గొట్టం మూతిలో మట్టి గూళ్లు కట్టే కందిరీగల పనితనం కనిపించింది. పుల్లతో గీకి, మట్టి లోపలికి జారకుండా గొట్టాన్ని కిందికి వంచి దులపాల్సి వచ్చింది.

అసలు కథంతా ట్యాంకులోనూ, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటరులోనూ ఉంది. ట్యాంకు కింద పెట్రోలును వదిలే, ఆపే కాక్ తిప్పితే ఎర్రటి డికాక్షన్ లాంటి నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన రాలేదు, తలుపులకు వేసే వార్నిష్ వాసన వచ్చింది. కార్బురేటరు అడుగున ఉండే చిన్న గిన్నెను ఒకే ఒక్క బోల్టు పట్టి ఉంచుతుంది. దాన్ని విప్పి వెలుతురులో చూస్తే, అడుగున గోధుమ రంగు జిగురు పొర ఎండి పగుళ్లు తేలి ఉంది, అంచుల వెంట తెల్లటి పొడి పేరుకొని ఉంది. గిన్నెలో తేలే ఫ్లోటు కింద నుండి పెట్రోలును కొలిచి వదిలే మెయిన్ జెట్ అనే ఇత్తడి ముక్కను స్క్రూడ్రైవరుతో విప్పి సూర్యుడి వైపు పట్టుకొని చూశాను. దాని నడుమ సూది మొన పట్టేటంత సన్నటి రంధ్రం ఉండాలి. వెలుతురు చుక్క కూడా కనబడలేదు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే, ఇంతకన్నా సన్నగా ఉండే పైలట్ జెట్ మాట చెప్పనే అక్కరలేదు. ఇంజన్ స్టార్టు కాకపోతే చాలామంది ముందు ప్లగ్ మారుస్తారు, తర్వాత కాయిల్ మారుస్తారు, కొందరు ఏకంగా ఇంజన్ విప్పిస్తారు. చాలాసార్లు దోషం అంతా ఈ చిన్న ఇత్తడి ముక్క దగ్గరే ఉంటుంది.

జెట్‌ను శుభ్రం చేసేటప్పుడు ఇనుప తీగ, సూది, గుండుసూది వాడకూడదు. ఇత్తడి మెత్తని లోహం కాబట్టి రంధ్రం పెద్దదవుతుంది. అప్పుడు పెట్రోలు ఎక్కువ పోయి పొగ నల్లగా వస్తుంది, ప్లగ్ మసిబారుతుంది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి కొంతసేపు నానబెట్టి, కరెంటు వైరులోని ఒక్క సన్నని రాగి పోగును దూర్చి, ఆ తర్వాత పంక్చర్ షాపులో గాలి పట్టించాను. కార్బురేటరు ఒంట్లో ఉండే సన్న దారులన్నిటిలోకీ అదే స్ప్రే కొట్టి, ఒక వైపు కొట్టింది మరో వైపు బయటికి వస్తున్నదా లేదా చూసుకున్నాను. కళ్లలో పడితే చాలా ప్రమాదం కాబట్టి కళ్లద్దాలు పెట్టుకొనే చేశాను. ట్యాంకు అడుగున తుప్పు పట్టి ఉంది. కిరోసిన్‌తో పాటు గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా కుదిపి, మురికి ఒంపేసి, నట్లను లెక్కపెట్టి తీసి, నీరు తేటగా వచ్చినట్టు కిరోసిన్ తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే పని చేసి ఎండలో ఆరబెట్టాను. రబ్బరు పైపు ఉబ్బి మెత్తబడి ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా మార్చాను.

పెట్రోలు ఇలా ఎందుకు మారుతుందో తెలుసుకుంటే తర్వాత చేయాల్సిన పనులన్నీ వాటంతట అవే తడతాయి. పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికగా ఆవిరయ్యేవి, ఆలస్యంగా ఆవిరయ్యేవి ఎన్నో కలిసిన మిశ్రమం. ట్యాంకు మూతకు గాలి రంధ్రం ఉంటుంది; మే నెలలో మన వరంగల్ ఎండ 44, 45 డిగ్రీల దాకా పోయినప్పుడు రేకుల కొట్టంలో ఉన్న ట్యాంకు నుండి ఆ తేలిక భాగమే ముందు ఎగిరిపోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదట మండి అంటించేది ఆ భాగమే. మిగిలిన భాగం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా జిగురుగా మారుతుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఈ మార్పు కొంత నెమ్మదిస్తుంది కానీ, కార్బురేటరు గిన్నెలో ఉండేది గుక్కెడు పెట్రోలే కనుక అది కొన్ని వారాల్లోనే పాడవుతుంది.

దీనికి తోడు ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. దేశంలో 2022లో 10 శాతానికి చేరిన ఈ మిశ్రమం 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ మండడానికి మంచిదే, రోజూ తిరిగే బండిలో అది నిలవ ఉండదు కాబట్టి పెద్దగా ఇబ్బంది చేయదు. కానీ దానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. శ్రావణ భాద్రపదాల తడి గాలి ట్యాంకులోకి పోతూ వస్తూ ఉంటే అది ఆ తేమను పట్టుకుంటుంది. ఒక హద్దు దాటిన తర్వాత ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుండి విడిపోయి అడుగుకు చేరతాయి. ట్యాంకు నుండి కార్బురేటరుకు దారి అడుగు నుండే కాబట్టి, ఇంజన్‌కు ముందుగా అందేది ఆ నీళ్ల పొరే. నేను గిన్నెలో చూసిన తెల్లటి పొడి, ఆ తడి ఇథనాల్ మెత్తని లోహాన్ని తిన్న గుర్తు. పాత యంత్రాల రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బడానికీ అదే కారణం.

ఈ మాట మా ఊళ్లో కొందరు నమ్మకపోతే వాళ్ల ముందే ఒక పరీక్ష చేసి చూపించాను. గీతలున్న గాజు సీసాలో 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, దాని మీద 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత బిగించి ఊపి, పావుగంట కదపకుండా ఉంచాలి. అడుగున నీళ్ల పొర 20 గీత దగ్గర ఆగదు, దాదాపు రెట్టింపు అవుతుంది. పెట్రోలులోని ఇథనాల్ అంతా నీళ్లలోకి దిగిపోయిందన్నమాట. ఆ గీత పైకి జరిగిన తీరు చూసిన తర్వాత ఎవరికీ వేరే వివరణ అవసరం కాలేదు. ఈ పని ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయాలి. మూత మెల్లగా తీసి లోపలి ఆవిరిని వదలాలి. పరీక్ష చేసిన పెట్రోలును మళ్లీ ట్యాంకులో పోయకూడదు.

మిగిలిన పనులు త్వరగానే అయ్యాయి. పాత ఇంజన్ ఆయిల్ తీసేసి సుమారు 600 మిల్లీలీటర్ల కొత్త నూనె పోశాను. ఈ ఇంజన్ పట్టేది అంతే, అందుకే అందులో వంద మిల్లీలీటర్లు తగ్గినా పెద్ద లోటే. కొత్త ప్లగ్ సందును 0.7 నుండి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో చూసి బిగించాను. వాల్వుల సందును పెద్దాయన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, సన్న సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్‌తో చూశాడు. గాలి లోపలికి పోయే వాల్వుకు 0.15, పొగ బయటికి వచ్చే వాల్వుకు 0.20 మిల్లీమీటర్లు. తాజా పెట్రోలు పోసి, చోక్ మూసి తాడు లాగితే కొద్దిసేపు దగ్గి అందుకుంది. మొదట పోసిన నూనె కాలి తెల్లటి పొగ దట్టంగా వచ్చి, తర్వాత తేటపడింది.

సీజనులో దాని సంరక్షణ గురించి ఎక్కువ చెప్పను, ఒక్క ఎయిర్ ఫిల్టరు గురించి తప్ప. వానకు వానకు మధ్య వారం పది రోజులు ఎండ కాస్తే నల్లరేగడి పైన పొడిబారి, వీడరు పళ్లు తిరిగినప్పుడు సన్నటి దుమ్ము లేస్తుంది. చల్క భూముల్లో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి అది ఇంకా చెడ్డది. పుస్తకంలో ఫిల్టరును 50 గంటలకోసారి శుభ్రం చేయమని, దుమ్ము ఎక్కువుంటే ఇంకా ముందే చేయమని రాసి ఉంటుంది. మన చేలల్లో ఆ రెండో మాటే వర్తిస్తుంది. స్పాంజిని సబ్బు నీళ్లలో పిసికి, పూర్తిగా ఆరనిచ్చి, ఇంజన్ ఆయిల్‌లో ముంచి, అరచేతుల మధ్య గట్టిగా ఒత్తి మిగులు నూనె పిండేసి పెట్టాలి. పొడి స్పాంజి సన్న దుమ్మును ఆపలేదు, దుమ్మును పట్టేది ఆ నూనె తడే. లోపల కాగితపు ఫిల్టరు ఉంటే దాన్ని మాత్రం నీళ్లలో ముంచకూడదు, తట్టి దులపాలి. ఇంజన్ ఆయిల్‌ను కొత్త ఇంజన్‌కు మొదటి 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు మార్చాలి. పెట్రోలును వారంలో అయిపోయేంతే తెచ్చుకోవాలి. డబ్బా నింపి ఇంట్లో నిలవ పెడితే పైన చెప్పిన కథంతా డబ్బాలోనే మొదలవుతుంది.

మా వైపు దసరాకు ఇంట్లోని ప్రతి యంత్రాన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ కట్టి, నిమ్మకాయ కోసి ఆయుధ పూజ చేస్తారు. నేను వీడరును మూలకు చేర్చే ముహూర్తం కూడా అదే పెట్టుకున్నాను, ఎందుకంటే అప్పటికి పత్తిలో దాని పని ముగుస్తుంది, వానలు వెనక్కి తగ్గుతాయి, పూజ కోసం ఎలాగూ దాన్ని బయటికి తీస్తాం. కడగడంలో మాత్రం జాగ్రత్త కావాలి. వాటర్ సర్వీసింగ్ దగ్గరికి తీసుకుపోయి గట్టి ధారతో కొట్టిస్తే నీళ్లు ఎయిర్ ఫిల్టరులోకి, సైలెన్సరులోకి, గేరు పెట్టె ఆయిల్ సీళ్ల సందుల్లోకి పోతాయి. పళ్లకు, ఇరుసుకు చుట్టుకున్న గడ్డిని, పత్తి వేళ్లను కత్తితో కోసి తీసి, కింది భాగాన్ని మాత్రం బకెట్టు నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్దుతాను. ఇంజన్ పై భాగానికి కిరోసిన్ గుడ్డ చాలు. తర్వాత ఒక పూట ఎండలో నిలబెడతాను.

పూజ అయిన మరునాడు అసలు పని మొదలుపెడతాను. ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి వేడెక్కించి ఆపి, వేడి మీదనే నూనె దించేసి కొత్త నూనె పోస్తాను. వేడి నూనె పలుచగా ఉండి అడుగున ఉన్న మసిని వెంట తెస్తుంది. పాత నూనెలో ఇంధనం మండగా మిగిలిన ఆమ్లాలు, తేమ ఉంటాయి. నెలల తరబడి వాటిని లోపలే ఉంచితే బేరింగుల మీద వాటి పని అవి చేస్తాయి. సీజను మొదట్లో మారుస్తాంలే అని చాలామంది పాత నూనెతోనే మూలకు పెడతారు. నా లెక్కలో నూనె మార్చాల్సిన సరైన సమయం సీజను చివరే. దించిన నూనె పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయని అర్థం, కారణం కనుక్కోకుండా ముందుకు పోకూడదు. దించిన నూనెను కాలువలోనో గట్టు మీదనో పారబోయను, డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డుకు ఇచ్చేస్తాను.

ఇంజన్ చల్లారిన తర్వాత ట్యాంకులోని పెట్రోలును శుభ్రమైన డబ్బాలోకి వంచి, గుడ్డతో వడకట్టి మోటార్ సైకిల్‌లో పోసుకుంటాను. ట్యాంకును నిండుగా ఉంచాలా, ఖాళీగా ఉంచాలా అనే వాదన ఉంది. పెట్రోలు చెడకుండా కలిపే స్టెబిలైజర్ మందు దొరికే చోట్ల దాన్ని వేసి, ట్యాంకు నింపి ఉంచుతారు. అది సరైన పద్ధతే, నిండు ట్యాంకులో తేమ చేరే జాగా ఉండదు. మా వైపు దుకాణాల్లో ఆ మందు దొరకదు కాబట్టి, 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలును ఏడెనిమిది నెలలు ట్యాంకులో ఉంచడానికి నేను ఒప్పుకోను. ఖాళీ చేసి, ఆరబెట్టి, రేకు ట్యాంకు గనుక లోపల రెండు మూడు చెంచాల ఇంజన్ ఆయిల్ వేసి అన్ని వైపులకూ తిప్పి పొరలా పట్టిస్తాను. కాక్ మూసి ఉంచి, ఇంజన్‌ను పైపులో మిగిలిన పెట్రోలుతో అదే ఆగిపోయేదాకా నడుపుతాను. అంతటితో గిన్నె పూర్తిగా ఖాళీ అయిందని అనుకోకూడదు. జెట్ మూతి కన్నా కింద ఉన్న పెట్రోలు అక్కడే నిలుస్తుంది, చెడేది ఆ మిగులే. అందుకే గిన్నె అడుగు బోల్టు వదులు చేసి చివరి చుక్కను కూడా గుడ్డ మీదికి దించుతాను.

తర్వాత ప్లగ్ విప్పి సిలిండరులో ఒకటి రెండు చెంచాల నూనె పోసి, తాడును కొన్నిసార్లు మెల్లగా లాగి, నూనె గోడలకు పట్టేలా చేస్తాను. ప్లగ్ బిగించిన తర్వాత తాడును మళ్లీ మెల్లగా లాగుతూ చేతికి గట్టిగా ఎదురు తగిలిన చోట ఆపేస్తాను. పిస్టన్ కంప్రెషన్‌లో ఉందనడానికి అదే గుర్తు. ఆ స్థితిలో రెండు వాల్వులూ మూసుకొని ఉంటాయి, తడి గాలి సిలిండరులోకి పోయే దారి మూతపడుతుంది, వాల్వు స్ప్రింగులు కూడా నొక్కుడు లేకుండా ఉంటాయి. ఖర్చు లేని పని, ఒక్క నిమిషం పట్టదు. అయినా ఇదొక్కటి చేసేవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపించారు.

సైలెన్సరు మూతికి గుడ్డ ఉండ పెట్టి, దాని తోక పొడవుగా బయటికి వేలాడేలా ఎర్ర గుడ్డ వాడతాను, స్టార్టు చేసే ముందు కంటపడాలని. పళ్లకు, యాక్సిలరేటర్ కేబులుకు, క్లచ్ కేబులుకు నూనె రాస్తాను. బెల్టు ఉన్న రకమైతే దాన్ని వదులు చేయాలి.

ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. మన ఇళ్లలో దసరా తర్వాత ఖాళీ గది అంటూ ఉంటే అందులోకి పత్తి వస్తుంది. ధర కోసం ఎదురుచూస్తూ వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోయేదాకా ఆ పత్తి అక్కడే ఉంటుంది. పెట్రోలు ఆవిరి వచ్చే ఏ యంత్రాన్నీ ఆ గదిలో పెట్టకూడదు, ట్యాంకు ఖాళీ చేసినదైనా సరే. ఎరువుల బస్తాల పక్కన కూడా వద్దు. యూరియా, పొటాష్ బస్తాలు గాలిలోని తేమను గుంజుకుంటాయి, ఆ ఉప్పు తడి రేకును, వైర్లను, రాగి ముక్కలను తినేస్తుంది. నేల మీద నేరుగా కాకుండా రెండు చెక్కల మీద ఎత్తి, ఇంజన్ సమంగా ఉండేలా నిలబెట్టాను. స్థలం కలిసి వస్తుందని పక్కకు పడుకోబెడితే నూనె ఎయిర్ ఫిల్టరులోకో సిలిండరులోకో చేరుతుంది. పైన పాలిథిన్ పట్టా చుట్టి కట్టడం మంచిది కాదు, లోపల చెమ్మ పట్టి అక్కడే ఆగుతుంది. పాత దుప్పటి కప్పి, కింద గాలి ఆడేలా వదిలేస్తే చాలు. ఎలుకల కోసం ఫ్యాను రేకు సందులకు సన్న ఇనుప జాలీ కట్టాను.

మా పాలోళ్లకు, అంటే దాయాదులకు, వరి పొలానికి వాడే 13 హార్స్ పవర్ డీజిల్ పవర్ టిల్లర్ ఉంది. దాన్ని కూడా వాళ్లతో కలిసి ఇలాగే భద్రపరుస్తాం కానీ ఇంధనం విషయంలో పద్ధతి తిరగబడుతుంది. డీజిల్ ట్యాంకును నిండుగా నింపాలి, ఖాళీ జాగాలో రాత్రి చల్లదనానికి నీటి చెమ్మ పట్టి అడుగుకు చేరకుండా. రేడియేటర్‌లో మామూలు నీళ్లుంటే దించేయాలి. దమ్ము చేసేటప్పుడు బురదలో మునిగి తిరిగిన రోటరీ గొలుసు పెట్టె నూనెను తప్పక చూడాలి. అది పాల రంగులోకి మారితే సీలు పోయి నీళ్లు చేరినట్టే, నూనె మార్చి సీలు వేయించాకే పక్కన పెట్టాలి. టైర్లు నేలకు ఆనకుండా ఇటుకల మీద ఎత్తుతాం. మందు కొట్టే టూ స్ట్రోక్ స్ప్రేయర్ల విషయం ఇంకా సూటిగా ఉంటుంది: నూనె కలిపిన పెట్రోలును ఏ పూటకాపూట కలుపుకోవాలి, మిగిలింది తీసేయాలి, కార్బురేటరు ఎండేదాకా నడిపి ఆపాలి.

రోహిణి కార్తెలో ఎండలు మండుతుండగా వీడరును మళ్లీ బయటికి తీస్తాను. గుడ్డ ఉండ తీసి, జాలీ విప్పి రెక్కల మధ్య చూసి, నూనె మట్టం సరిచూసి, ప్లగ్ తీసి తాడును కొన్నిసార్లు లాగి సిలిండరులోని నూనెను బయటికి పంపి, ప్లగ్‌ను తుడిచి బిగిస్తాను. ట్యాంకులో పట్టించిన నూనె పొరను కొద్దిపాటి తాజా పెట్రోలుతో తొలిచి పారబోసిన తర్వాతే ట్యాంకు నింపి కాక్ తెరుస్తాను. గిన్నె నిండడానికి కొంచెం సమయం ఇచ్చి తాడు అందుకుంటే పెద్దగా సతాయించకుండా స్టార్టవుతోంది. ఈసారి కార్బురేటరు గిన్నెను మామ ముందే విప్పి చూపించాను. లోపల జిగురు లేదు, తెల్ల పొడి లేదు, అల్యూమినియం తన రంగులో మెరుస్తూ ఉంది. ఆయన దాన్ని వేలితో తడిమి చూసి, తన చెల్కలో కౌలు చేస్తున్న పిల్లవాడి స్ప్రేయరును కూడా దసరాకు నా దగ్గరికి పంపుతానన్నాడు.